సురభి నాటకకుటుంబములు: జరిగిన పనులు, జరుగవలసిన పనులు

(వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



నేను మీ కులమున పుట్టినవాడను కాను. ముప్పది సంవత్సరములకు పైగా బడిలో తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి తీసికొన్నవాడను. సురభి కుటుంబముల పిల్లలు కొందరు నాయొద్ద చదువుకొనిరి. ఆ చనవుచేతనే మీ కార్యదర్శిగారు నన్ను పిలిచి, ఇటీవలి కాలమున సురభివారు చేసిన పనులను గూర్చియు, ఇకముందు చేయవలసినవానిని గూర్చియు మాటలాడుమని కోరిరి. వారు నిర్ణయించిన కాలము అరగంట. పంతుళ్లకు గంట కొట్టినవెంటనే ఆపు అలవాటుండును గావున మీరు భయపడనక్కరలేదు.

సంస్కృతము చదివినవాడు నాటకమును గూర్చి మాటలాడ మొదలిడినచో భరతమునిని తలపక మానడు. నేనును తలచెదను, కాని అలంకారమునకై కాదు. నాట్యశాస్త్రమునందలి మొదటి కథను కడపటి కథను మీ కుటుంబచరిత్రవలె చదువవచ్చునని నాకు తోచును. బ్రహ్మ నాట్యవేదమును సృజించి ఎవరికి అప్పగించెను? భరతునకును, ఆయన నూర్గురు కుమారులకును. అనగా ఆదియందే నాటకము ఒక యింటి విద్య. తండ్రి గురువు, కుమారులు శిష్యులు, ఇల్లే పాఠశాల. పిమ్మట కైశికీవృత్తిని ప్రయోగింపవలసి వచ్చినప్పుడు, స్త్రీలు లేక పురుషులమాత్రమువలన అది సాధ్యము కాదని భరతుడు విన్నవింపగా, బ్రహ్మ అప్సరసలను సృజించి యిచ్చెను. కడపటి కథ అంత సుఖమైనది కాదు. విద్యాగర్వముచే భరతపుత్రులు ఋషులను వెక్కిరించు ప్రదర్శన మొకటి చేసిరి. ఋషులు కోపించి శపించిరి. శాపమువలన వారు తమ అంతస్తును కోల్పోయిరి. అటుపై నహుషుడను రాజు వేడగా నాటకము భూలోకమునకు దిగినది. నటుని మెచ్చుకొనుచునే పంక్తిలో కూర్చుండనీయని లోకపు తీరునకు ఇంతకంటె పాత సాక్ష్యమును వెదకనక్కరలేదు. ధర్మశాస్త్రకారులు కుశీలవుని శ్రాద్ధపంక్తినుండి తొలగించిరి. ఆ పంక్తిలో భుజించినవారే రాత్రి నాటకమున ముందువరుసలో కూర్చుండి యుందురని నా ఊహ.

ఇక మన తెలుగునేలకు వత్తము. 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముపంతులుగారు తమ విద్యార్థులచే నాటకము ఆడించిరి. అయిదు సంవత్సరములకు, 1885లో, కడపమండలములోని సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు ఒక పెండ్లివేడుక సందర్భమున 'కీచకవధ'ను ఆడించిరి. చరిత్రకారులు ఈ రెంటిని ఒకే వాక్యమున చెప్పి పోవుచుందురు. నాకు మాత్రము వీని భేదమే ముఖ్యముగా కనబడును. రాజమహేంద్రవరపు నాటకము చదువుకొన్నవారి ఉత్సాహము. సెలవులు ముగిసినచో అదియు ముగియును. సురభి నాటకము జీవిక. అది ఆగినయెడల పొయ్యి వెలుగదు. అందువలననే ఆ గ్రామనామము ఇంటిపేరులను మించిన ఇంటిపేరై, వనారసవారు, రేకందారువారు, సిందేవారు మొదలగు వంశములన్నిటికిని ముందు నిలిచినది.

వారి పూర్వులు మహారాష్ట్రమునుండి వచ్చి తోలుబొమ్మలాటతో జీవించిరని పెద్దలు చెప్పుదురు. సూత్రధారుడను మాటకు బొమ్మల దారము పట్టువాడని అర్థము చెప్పి, మన నాటకమే బొమ్మలాటనుండి పుట్టినదని వాదించిన పండితులు కలరు, కాదనినవారును కలరు. ఆ వాదమున నేను దిగను. కాని సురభివారి విషయమున అది వాదము కాదు, జరిగిన సంగతి. తోలుబొమ్మకు కట్టిన దారము నాడు వేలికొసను ఉండెను. నేడు నారదుని మేఘమండలమునుండి దించు తీగయై తెరవెనుక చక్రముపై తిరుగుచున్నది. భరతుడు ఆహార్యాభినయమును చెప్పుచు చాపలతోను, తోలుతోను, వస్త్రముతోను కూర్చిన రంగసామగ్రిని సంధిమమనియు, యంత్రముచే కదలించుదానిని వ్యాజిమమనియు పేర్కొనెను. తోలు, గుడ్డ, యంత్రము: ఈ మూడును ఒక్క కుటుంబపు చరిత్రలో వరుసగా కనబడుట అపురూపము.

స్త్రీపాత్రలను స్త్రీలే ధరించుట సురభివారి మరియొక విశేషము. ఇతర సమాజములలో పురుషులే సత్యభామలై దమయంతులై మెప్పు పొందుచున్న కాలమున, ఇచట తల్లి ద్రౌపది, తండ్రి కీచకుడు, మేనమామ భీముడు. దీనిని సంఘసంస్కరణమని వారు చాటుకొనలేదు. ఇంటిల్లిపాదియు పనిచేయు వృత్తిలో ఆడవారు మాత్రము పనిలేక కూర్చుండుట ఎట్లు? స్థానం నరసింహారావుగారి వంటి మహానటుని కళకు లోటు చేయుట నా ఉద్దేశము కాదు. కైశికికి అప్సరసలు కావలెనన్న భరతుని మాట సురభిలో శాస్త్రము చదువకయే నెరవేరినదని మాత్రము అనుచున్నాను.

తరువాతి చరిత్ర మీకందరకు తెలిసినదే. తెలుగున తొలి టాకీయైన 'భక్తప్రహ్లాద' 1932 ఫిబ్రవరిలో విడుదలయినది. అందు లీలావతి సురభి కమలాబాయిగారు. సినిమాకు తొలి నాయికను ఇచ్చినది సురభి. సురభి ప్రేక్షకులను తీసికొనిపోయినది సినిమా. ఒకప్పుడు సురభి సమాజములు ముప్పదికి మించియుండెనని చెప్పుదురు. నా చిన్నతనమున కూడ సంతమైదానములలో రేకుల నాటకశాల కట్టుకొని నెలల తరబడి ఆడుచుండిరి. ఒకే కథను నాలుగుమారులు చూచినవారు ఊరికి వందమంది ఉండిరి. నేడు మిగిలిన సమాజములను చేతివ్రేళ్లపై లెక్కింపవచ్చును.

ఇంతవరకు పీఠిక. ఇటీవలి పనులలో నేను అన్నిటికంటె పెద్దదిగా తలచునది పత్రికలలో ఎక్కువగా వచ్చినది కాదు. 1990వ దశకపు ఉత్తరార్ధమున బి. వి. కారంతుగారు సురభివారితో చేసిన మూడు నాటకములు: 'భీష్మ', 'చండీప్రియ', 'బస్తీదేవత యాదమ్మ'. కారంతుగారు ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయమునకు సంచాలకులుగా నుండినవారు. మైసూరిలో 'రంగాయణ'మును నిలిపినవారు. అంతటి ఆధునికుడు ఈ పాత తెరలవారియొద్దకు ఎందులకు వచ్చెనని కొందరు ఆశ్చర్యపడిరి. ఆశ్చర్యమేమున్నది? ఆయన బాల్యముననే గుబ్బి వీరన్నగారి కంపెనీలో చేరి పెరిగినవాడు. వీరన్నగారే ఆయనను కాశికి చదువులకు పంపిరి. కంపెనీ నాటకమున తెర లేచునప్పటి గుండెచప్పుడు ఆయనకు పుస్తకములలో దొరకినది కాదు. కావున ఆయన సురభివారియొద్దకు వైద్యునివలె రాలేదు, జ్ఞాతివలె వచ్చెను.

మూడవ నాటకమును గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. 1943లో జ్యూరిచ్ నగరమున తొలిసారి ప్రదర్శితమైన బెర్టోల్ట్ బ్రెహ్ట్ నాటకము దానికి మూలము. లోకమున మంచివారు ఒక్కరైనను ఉన్నారా యని వెదకుచు ముగ్గురు దేవతలు భూమికి దిగివత్తురు. రాత్రికి చోటిచ్చినది ఒక నిరుపేద వేశ్య. దేవతలు ఇచ్చిన ధనముతో ఆమె చిన్న అంగడి పెట్టుకొనగా, అడిగినవారికి లేదనలేక మునిగిపోవు స్థితి వచ్చును. తుదకు ఆమె కఠినుడైన మగచుట్టపు వేషము వేసికొని తన్ను తాను కాపాడుకొనవలసివచ్చును. మంచితనముతో బ్రతుకుటెట్లు అను ప్రశ్నకు దేవతలు జవాబీయక తిరిగి పోవుదురు. ఈ కథను మన బస్తీకి తెచ్చి, ఆమెకు యాదమ్మ యని పేరు పెట్టిరి. ఎంత సొగసైన ఎన్నికయో చూడుడు! దేవతలను భూమికి దించుట సురభివారికి నూరేండ్ల విద్య. ఒక మనిషి మరియొక వేషమున దాగి బ్రతుకుట వారి నిత్యకృత్యము. చేతిలో పైస నిలువని మంచితనము సంగతి చెప్పనే అక్కరలేదు. జర్మనుకవి వ్రాసిన కథలో వారు పరాయివారుగా నిలువవలసిన పని ఎచటను లేదు.

'పౌరాణికములు తప్ప సురభివారికి మరేమియు రాదు' అను మాటను నేను చాలమంది విద్యావంతుల నోట వింటిని. ఈ మూడు నాటకములు దానికి సమాధానము. వారికి రానిది లేదు, లేనిది తీరిక. యాభై అరువది మంది కుటుంబసభ్యులు కల సమాజమునకు ఆడిన రోజుననే కూలి. తెరలును తీగలును చక్రములును లారీకెక్కించి, దించి, బిగించుట ఒక్కపూటలో తెమలు పని కాదు. ఇక కొత్త నాటకమును చేతబట్టి నెలల తరబడి అభ్యాసము చేయుట ఎట్లు? ఆ నెలలలో తిండి ఎవరు పెట్టుదురు? కారంతుగారి శిక్షణలో కూర్చుండి నేర్చుకొను అవకాశము కలిగినది. కొత్త నాటకములు పుట్టినవి. కావున పాత కథలనే పట్టుకొని వ్రేలాడుచున్నారని వారిని నిందించుటకు ముందు, కొత్తకథకు పట్టు కాలము వెల ఎవరు చెల్లించిరని మనము ప్రశ్నించుకొనవలెను. నేడు నేను చెప్పవచ్చిన మాట ఇదియొక్కటే. తక్కినవన్నియు దీనికి వ్యాఖ్యానములు.

2013వ సంవత్సరము సురభికి గొప్ప సంవత్సరము. శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి సారథులైన రేకందార్ నాగేశ్వరరావుగారికి (బాబ్జీగారనిన అందరికి తెలియును) పద్మశ్రీ వచ్చినది. ఆ సంవత్సరమే సమాజమువారు ఫ్రాన్సుదేశమునకు వెళ్లి ఆడివచ్చిరి. మాట తెలియని జనులు 'మాయాబజారు'ను చూచి ఆనందించిరన్న వార్తను చదివినప్పుడు నాకు సంతోషముతోపాటు ఒక జంకును కలిగినది. భాష రానివానికి చేరునది తీగ, మంట, ఎగురుట, ఆకాశమున బాణములు ఢీకొనుట. పద్యము చేరదు, మాటల విరుపు చేరదు. పరదేశపు చప్పట్లు ఏ భాగమునకు పడునో ఆ భాగమే పెరుగుట లోకసహజము. ఇచటి పట్టణములలో కూడ పిల్లలను వెంటబెట్టుకొని వచ్చువారు 'ఎగురుట చూపుడు' అనియే అడుగుచున్నారు. నేను ఆ విద్యను తక్కువ చేయను. తెర చాటున తీగ లాగువాని చేయి అరక్షణము తడబడినచో నటుని ప్రాణమే పోవును. కాని మాయాబజారున ఘటోత్కచుడు పెరుగుట కంటె, అభిమన్యునికి ఇచ్చిన మాట తప్పినారని తెలిసి తల్లి పడు బాధ నిలుచును. ఆ బాధను పలుకుటకు నోరు కావలెను. నాయొద్ద చదివిన ఒక సురభి బాలుడు లెక్కలలో వెనుకబడి యుండెను గాని, మహాప్రాణములు పలుకుటలో తరగతి మొత్తమునకు వాడే ముందు. 'ధ'ను 'ద'గా పలికినచో ఇంట నాయనమ్మ భోజనమునొద్దనే దిద్దునని చెప్పెను. ఆ నాయనమ్మకు వేతనమిచ్చు విశ్వవిద్యాలయ మేది?

తరువాత 2020 వచ్చినది. కరోనా భయమున నాటకశాలలు మూతపడినవి. లింగంపల్లిలోని సురభికాలనీలో ఆ నెలలు ఎట్లు గడచినవో మీకు నేను చెప్పవలసిన పని లేదు. ముఖమునకు రంగు పూసికొన్నవారు ఆకలి తీర్చుకొనుటకు దొరకిన పని చేసిరి. నటులు తిరిగి వేదిక ఎక్కిరి. పెద్దదిక్కయిన బాబ్జీగారు మాత్రము 2022 జూనులో స్వర్గస్థులైరి. ఆయనతోపాటు ఎన్ని నాటకముల వరుస, ఎన్ని పాటల మట్లు, ఏ తెర ఏ రంగమునకు దిగవలెనను జ్ఞాపకము పోయినవో లెక్క వేయుటకైనను సాధ్యము కాదు.

ఈ లెక్కనుండియే జరుగవలసిన పనులు పుట్టుచున్నవి. మొదట వ్రాతప్రతులు. ప్రతి సమాజమున నాటకముల నోటుపుస్తకములు కలవు. తెరప్రక్క నిలిచి మాట అందించువారి చేతులలో నలిగి అంచులు చిరిగినవి. ఒకే నాటకము ఒక సమాజమున ఒక విధముగను, మరియొకచోట మరియొక విధముగను ఉండును. తాళపత్రగ్రంథములకు పాఠభేదములు చూచినట్లే వీనికిని చూడవలెను. ముందు సెల్ ఫోనుతోనైనను ప్రతి పుటను పటము తీసి ఉంచుడు. పరిష్కరణము పిమ్మట చూతము. పరిష్కరణమనగానే పండితులు వ్యాకరణదోషములు దిద్దుటకు కలము తీయుదురు. దయచేసి ఆ పని చేయనీయకుడు. నేను జీవితమంతయు ఎర్రసిరాతో గడపినవాడనే. అయినను వేలమంది ప్రేక్షకుల నవ్వుచే రాటుదేలిన మాటను దిద్దు అధికారము నాకు లేదు.

పాటల సంగతి ఇంకను త్వరపడదగినది. కాగితముపై సాహిత్యము దొరకును, మట్టు దొరకదు. వృద్ధులైన హార్మోనియము వాద్యకారులను కూర్చుండబెట్టి పాడించి, ధ్వనిముద్రణము చేసి, రాగము పేరు, నేర్పినవారి పేరు, ఏ నాటకమున ఏ సందర్భమున పాడుదురో వ్రాసి ఉంచవలెను. వారికి ఆ దినములకు తగిన భృతి నీయవలెను. 'కళాసేవ' యని చెప్పి ఉచితముగా పాడించుకొనుట నాకు సమ్మతము కాదు. తెరలను గూర్చి క్లుప్తముగా చెప్పెదను: పాతతెరలు మడతలయొద్ద చీలుచున్నవి, వానిని విప్పి, పటము తీసి, కొలతలు వ్రాసి, చిత్రించినవారి పేరు తెలిసినచో చేర్చి, పొడిగానున్న చోట చుట్టి పెట్టవలెను, మడువరాదు.

పిల్లల చదువు చిక్కుప్రశ్న. బడికి పోయిన పిల్లవాడు ఉద్యోగమునకు పోవును, రంగమునకు రాడు అని కొందరు పెద్దలు భయపడుచున్నారు. రంగమున నిలిపినయెడల వాని బ్రతుకేమగునని తల్లులు భయపడుచున్నారు. ఇరువురి భయమును న్యాయమైనదే. నా అభిప్రాయమున తల్లుల మాటయే ముందు వినవలెను. చదువు మానిపించి కళను నిలుపజూచినచో కళపై పిల్లలకు ద్వేషమే మిగులును. ఇంజనీరయిన సురభి బాలుడు తీగల బరువును లెక్క కట్టి మేనమామ నడుమునకు ఇంకను గట్టి పట్టీ చేసి యీయగలడు. సంగీతము చదివిన బాలిక మట్టును స్వరపరచగలదు. ఆదివారములయందును వేసవి సెలవులయందును ఇంటి విద్యను ఇంటనే నేర్పుడు. వేసవి శిబిరమునకు తెలుగు ఉచ్చారణము చెప్పవలసి వచ్చినచో నన్ను పిలువుడు, దారిఖర్చులు అక్కరలేదు.

ఇక పోషకమహాశయులకు ఒక విన్నపము. నాటకసిద్ధిని గూర్చి చెప్పుచు భరతుడు దానిని మానుషి, దైవి యని రెండువిధములుగా విభజించెను. ప్రేక్షకులు నవ్వుట, 'అహో' యనుట, లేచి నిలుచుట, వస్త్రములను ఉంగరములను విసరుట మానుషీసిద్ధి. నేటి శాలువలును జ్ఞాపికలును ఈ కోవలోనివే. దైవీసిద్ధి వేరు: అల్లరి లేక, కలత లేక, ఉత్పాతము లేక, రంగము నిండియుండుట. ఆ మాటను నేను తరగతిలో ఎన్నిమారులు చెప్పితినో! నిండిన నాటకశాలయే దైవానుగ్రహమని శాస్త్రము చెప్పుచుండగా, మనము ఖాళీకుర్చీల నడుమ నటునికి శాలువ కప్పి పటము తీయించుకొనుచున్నాము. ఒక వృద్ధనటుని ఇంట నేను చూచిన శాలువలు పెట్టెకు పట్టక మంచము క్రింద నుండెను. వానిని అమ్మరాదు, ధరింపరాదు.

కావున నా సూచన ఇది. రెండేండ్లకొకమారు ఒక్క కొత్త నాటకము. దానికి మూడు మాసముల అభ్యాసము. ఆ మూడు మాసములు సమాజములోని ప్రతివానికి, పాత్రధారికిని తీగ లాగువానికిని వంటవానికిని గూడ, దినభత్యము ముందుగనే పోషకనిధినుండి ఇయ్యవలెను. సన్మానములకు సంవత్సరమున మనము వెచ్చించు సొమ్మును ఒకచోట చేర్చినయెడల మొదటి నాటకమునకు చాలవరకు సరిపోవునని నా నమ్మకము. ఇతివృత్తమును సమాజమువారే ఎన్నుకొనవలెను. సొమ్మిచ్చినవారు కథలో వేలు పెట్టరాదు. ప్రదర్శనములకు ఉచితప్రవేశపత్రము ఎవరికిని, అధికారులకైనను, నాకైనను ఈయరాదు.

రేపు ఉదయము కార్యనిర్వాహకవర్గము కూడునప్పుడు ఈ విషయము చర్చకు వచ్చునని అధ్యక్షులవారు సెలవిచ్చిరి. వ్రాతప్రతులు కలవారు వానిని వెంట తీసికొనిరండి. ఎచటికిని తీసికొనిపోను, మీ కండ్లయెదుటనే పటము తీయించి మీ చేతికే ఇచ్చెదను. గత మాసముననే కండ్లజోడు మార్పించుకొంటిని. చిన్న అక్షరములును బాగుగనే కనబడుచున్నవి.